మంచం కింద హవాయి గిటార్

గిటార్ అనగానే మీ కళ్ల ముందు ఏం కనిపిస్తుంది? మెడలో బెల్టు, నిలబడి ఊగిపోతున్న కుర్రాడు, వెనకాల పొగ. అంతేగా? మా ఇంట్లో ఉన్న ఎలక్ట్రిక్ గిటార్‌తో అవేమీ కుదరవు. దానికి బెల్టు తగిలించే బొడిపే లేదు. పసిపిల్లని పడుకోబెట్టినట్టు ఒళ్లో వెల్లకిలా పడుకోబెట్టాలి. ఎడమచేతి వేళ్లతో తీగలు నొక్కకూడదు, ఒక ఉక్కు కడ్డీని వాటి మీద జార్చాలి. కుడిచేతి బొటనవేలికీ, ఇంకో రెండు వేళ్లకీ గోళ్లలాంటి పిక్స్ తొడుక్కుని మీటాలి. పేరు హవాయన్ గిటార్. మాది కలకత్తా సరుకు. మా శ్రీకూర్మంలో ఇలాంటిది ఇంకోటి ఉందని నేనైతే వినలేదు.

పాత సామాన్లు అమ్మే యాప్‌లలో ఇవి అప్పుడప్పుడూ కనిపిస్తాయి. అమ్మేవాళ్లకే అదేంటో తెలీదు. "పాత గిటార్, తీగలు బాగా పైకి లేచిపోయాయి, రిపేరు చేయించుకోవాలి" అని రాస్తారు. తీగలు లేచిపోలేదండీ బాబూ, దాని తయారీయే అంత! కడ్డీ జారేటప్పుడు కింద చెక్కకి తగలకూడదని కావాలనే ఎత్తుగా కడతారు. మెట్లు కూడా ఉత్త గీతలే. ఎక్కడ ఏ స్వరం ఉందో కళ్లకి తెలియడానికి తప్ప ఇంకెందుకూ పనికిరావు.

"ఇది అసలు గిటారేనా?" అని నా ఫ్రెండ్స్ అడుగుతుంటారు. ఆ మాటకొస్తే ఎలక్ట్రిక్ గిటార్ పుట్టిందే ఇలా. 1920ల్లో అమెరికాకి హవాయి సంగీతం పిచ్చి పట్టుకుంది. డాన్సు హాళ్లలో ట్రంపెట్లూ డ్రమ్ముల మధ్య ఒళ్లో పడుకున్న గిటార్ ఎవరికి వినిపిస్తుంది? దాని గొంతు పెంచడానికి జార్జ్ బీచమ్ అనే వాద్యకారుడు, అడాల్ఫ్ రికెన్‌బ్యాకర్ అనే ఫ్యాక్టరీ యజమాని జతకట్టారు. అయస్కాంతం, రాగితీగ చుట్ట పెట్టి ఒక అల్యూమినియం గిటార్ పోత పోయించారు. గుండ్రటి ఒళ్లు, పొడుగాటి మెడ, అచ్చం అట్ల పెనంలా ఉండేది. అందుకే దానికి ‘ఫ్రయింగ్ పాన్’ అని పేరు. 1932లో అమ్మకానికి వచ్చింది. బజారులో నిలబడ్డ మొదటి ఎలక్ట్రిక్ గిటార్ అదే, అది హవాయి గిటారే. ఇవాళ మనం పూజించే ఫెండర్ కంపెనీ లియో ఫెండర్ కూడా, నిలబడి వాయించే టెలికాస్టర్ తరహా గిటార్లకి ముందు ఒళ్లో వాయించేవే చేశాడు. అంటే మెడలో వేసుకునేది తర్వాత పుట్టిన తమ్ముడు. పేరంతా తమ్ముడికొచ్చింది, అన్న మంచం కిందకి చేరాడు.

మా అన్నగారు ఏకంగా మా నాయనమ్మ మంచం కిందే ఉండేది. గోనెపట్టాలో చుట్టి, పక్కన చింతపండు కుండ.

మా తాతయ్య ఖరగ్‌పూర్‌లో రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. మన శ్రీకాకుళం, విజయనగరం వైపు ఊళ్లలో ఖరగ్‌పూర్ పేరు తెలియని ఇల్లు తక్కువ. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల నుంచీ మనవాళ్లు ఆ రైలుపట్టా పట్టుకుని పైకి వెళ్లి, అక్కడే పనిలో కుదిరి, అక్కడే ఇళ్లు కట్టుకున్నారు. "బెంగాలీ రాకపోయినా ఖరగ్‌పూర్‌లో బతికేయొచ్చురా, తెలుగు రాకపోతేనే కష్టం" అని తాతయ్య అనేవాడు. అది సగం జోకు, సగం నిజం.

1970ల్లో, అంటే తాతయ్య కుర్రాడిగా ఉన్నప్పుడు, బెంగాల్లో ఈ గిటార్ ఇంటింటి వాద్యం. మన దగ్గర ఆడపిల్లకి వీణ నేర్పించినట్టు అక్కడ హవాయి గిటార్ నేర్పించేవాళ్లు. రవీంద్ర సంగీతం దాని మీద భలే పలుకుతుంది, ఎందుకంటే అది వాద్యంలా కాకుండా మనిషి గొంతులా జారుతుంది. కాజీ నజ్రుల్ ఇస్లాం కొడుకు కాజీ అనిరుద్ధ, సునీల్ గంగూలీ, బటుక్ నందీ... వీళ్ల రికార్డులు అక్కడ బాగా ఆడేవి. హిందీ సినిమా పాటల్ని వాన్ షిప్లే ఎలక్ట్రిక్ గిటార్ మీద వాయించి రికార్డులిచ్చాడు. ఈ మోజు కలకత్తాకి ఎలా చేరిందంటే దానికో పెద్ద కథ ఉంది. సమోవాలో పుట్టి హవాయిలో పెరిగిన టౌ మో అనే ఆయన కుటుంబంతో సహా ప్రపంచమంతా తిరుగుతూ కచేరీలు చేసేవాడు. రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో కలకత్తాలో ఆగిపోయి, ఏళ్ల తరబడి అక్కడే ఉండి, చాలామందికి నేర్పాడు. పసిఫిక్ మధ్యలో ఉన్న దీవి సంగీతం హుగ్లీ ఒడ్డున దిగింది. అక్కడి నుంచి మా తాతయ్యతో పాటు రైలెక్కి మా ఆమదాలవలసలో దిగింది.

ఇంకో తమాషా కూడా చెప్పాలి. తీగల మీద కడ్డీ జార్చడం ఎవరు కనిపెట్టారంటే, 1880ల చివర్లో హవాయిలో జోసెఫ్ కెకుకు అనే కుర్రాడు రైలుపట్టాల పక్కన నడుస్తూ ఒక బోల్టు తీసుకున్నాడని, అది గిటార్ తీగల మీద రాసుకుంటే వచ్చిన చప్పుడు నచ్చి మొదలుపెట్టాడని చెబుతారు. కాదు, అంతకుముందే భారతదేశంలో పుట్టిన గాబ్రియేల్ దావియోన్ అనేవాడు అక్కడ అలా వాయించాడని ఇంకొందరంటారు. ఎవరి కథ వాళ్లది. మన గోటువాద్యం వాళ్లు మాత్రం మెట్లు లేని వీణ మీద చెక్కముక్క జార్చి వాయిస్తారు, ఈ విద్య మనకేమీ కొత్త కాదు. తాతయ్యకి బోల్టు కథే ఇష్టం. రైల్వే ఫిట్టరు కదా, ఇంకేది నచ్చుతుంది!

రిటైరయ్యాక తాతయ్య శ్రీకూర్మం వచ్చేశాడు. సాయంత్రం ఏడింటికి అరుగు మీద కూర్చుని, చిన్న యాంప్లిఫయర్ పెట్టుకుని వాయించేవాడు. ఘంటసాల పాటలు, రెండు త్యాగరాజ కీర్తనలు, తర్వాత ఏవో బెంగాలీ ట్యూన్లు. వీధిలో కొందరు నవ్వేవాళ్లు కూడా. "గిటార్ని పడుకోబెట్టి వాయించడం ఏటి బాబూ?" అని ఒకాయన అడిగితే తాతయ్య గుడివైపు చెయ్యి చూపించి, "లోకంలో దేవుళ్లందరూ తూరుపు సూస్తే మన కూర్మనాథుడు పడమర సూడ్డం లేదా? ఆయన్నేటీ అనవు, నన్నే అంతావు" అన్నాడట. మా గుడి చూసినవాళ్లకి తెలుస్తుంది, స్వామి పడమటి ముఖంగా ఉంటాడు, గుడికి రెండు ధ్వజస్తంభాలు. తాతయ్య ఆ మాట అన్నాక ఆ ప్రశ్న మళ్లీ ఎవరూ అడగలేదు.

2009లో గిటార్ నోరు పడిపోయింది. వాల్యూమ్ ఎంత తిప్పినా ‘హమ్’ తప్ప పాట లేదు. తాతయ్య దాన్ని సంచిలో పెట్టుకుని బస్సెక్కి టౌనుకి పట్టుకెళ్లాడు. అక్కడ రిపేరు చేసే మనిషి ఒకసారి చూసి, "ఇది అవుటండీ, స్పేర్లు రావు, కొత్తది కొనుక్కోండి" అని పంపేశాడు. తాతయ్య మళ్లీ ఎవరికీ చూపించలేదు. కరెంటు లేకుండా ఈ గిటార్ వాయిస్తే ఎలా ఉంటుందంటే, దోమ పాడినట్టు ఉంటుంది. గుల్లలేని చెక్కముక్క కదా, లోపల గాలి లేదు, మోగదు. అయినా కొన్నాళ్లు అలాగే వాయించుకున్నాడు, చెవి దగ్గరగా వంచి. తర్వాత గోనెపట్టా చుట్టేశాడు. 2019లో పోయాడు.

నాకు ఇది మళ్లీ గుర్తొచ్చింది ఇల్లు పడగొట్టేటప్పుడు. పెంకుటిల్లు తీసేసి స్లాబు వేద్దామని నాన్న నిర్ణయించాడు. సామానంతా వీధిలోకి వచ్చింది. గిటార్ ఫొటో నా స్టేటస్‌లో పెడితే, వైజాగ్‌లో కెఫే నడిపే ఒకతను మెసేజ్ పెట్టాడు, నాలుగు వేలిస్తాను, గోడకి తగిలిస్తాను అని. బాగు చేయించక్కర్లేదు, దుమ్ము కూడా తుడవొద్దు, అలాగే బాగుందన్నాడు. నాన్నకి సబబుగానే అనిపించింది. ఇల్లు కట్టేవాడికి ప్రతి వెయ్యీ లెక్కే. పైగా కొత్త ఇంట్లో దాన్ని ఎక్కడ పెడతాం?

నాయనమ్మని అడిగాను. "నానేటి సెప్తాను? మీ నాన్ననడుగు" అంది. కాసేపాగి, "గోడకి తగిలిస్తాడంటనా? నిలబెట్టా, పడుకోబెట్టా?" అంది.

నేను కెఫే అతనికి నెల రోజులు ఆగమన్నాను.

ముందు జబ్బేంటో తెలియాలి. ఎలక్ట్రిక్ గిటార్‌లో గుండెకాయ పికప్. లోపల పెద్ద మంత్రమేమీ లేదు. అయస్కాంతం, దాని చుట్టూ సన్నటి రాగితీగ వేల చుట్లు. పైన ఉక్కుతీగ కంపించినప్పుడల్లా అయస్కాంత క్షేత్రం కదిలి, రాగిచుట్టలో చిటికెడు కరెంటు పుడుతుంది. సైకిల్ డైనమో, ఇంటర్ ఫిజిక్స్‌లో చదివిన ఫారడే, అన్నీ ఇదే. ఆ చిటికెడు కరెంటునే యాంప్లిఫయర్ పెద్దది చేస్తుంది. మల్టీమీటర్ పెట్టి చూస్తే బతికున్న పికప్ ఆరేడు కిలో ఓమ్స్ దగ్గర చూపించాలి. మాది ‘ఓఎల్’ చూపించింది. అంటే దారి తెగింది. ఎక్కడో ఒకచోట తీగ పుటుక్కుమంది. మాది సముద్రం పక్క ఊరు, ఉప్పుగాలి. కిటికీ ఊచలే నాలుగేళ్లు ఆగవు, వెంట్రుకంత రాగితీగ ఏం ఆగుతుంది?

గిటార్ రిపేరు షాపులకి ఫోన్ చేస్తే ఇద్దరు హవాయన్ అనగానే పెట్టేశారు. మూడో ఆయన మంచివాడు, పికప్ మార్చేద్దాం, కొత్తది బిగిస్తానన్నాడు. అది సులువే. కానీ అప్పుడు వినిపించేది తాతయ్య గిటార్ కాదు. చెక్క మాత్రం ఆయనది, గొంతు ఇంకెవరిదో. ఈ విషయంలో నేను కాస్త మొండి.

చివరికి పని జరిగింది ఎక్కడంటే, శ్రీకాకుళంలో మోటార్లు, ఫ్యాన్లు వైండింగ్ చేసే షాపులో. ఆలోచిస్తే అదే సరైన చోటు. చుట్టడమే వాళ్ల వృత్తి. షాపాయన పికప్‌ని అరచేతిలో పెట్టుకుని అటూ ఇటూ తిప్పి, "ఏట్రా బాబూ ఇది, బొమ్మ మోటారా?" అన్నాడు. చెప్పాను. ఆసక్తి పుట్టింది. మోటార్లకి వాడే తీగ దీనికి తాడులా ఉంటుంది. దీనికి 42 గేజ్ కావాలి, మిల్లీమీటరులో పదహారో వంతు. ఆన్‌లైన్‌లో చిన్న రీలు తెప్పించాను. పాత తీగ విప్పేటప్పుడు చుట్లు లెక్కపెట్టడం కుదరలేదు, ముక్కలు ముక్కలుగా వచ్చేసింది. అందుకని చుట్ట ఎంత లావుందో ముందే కొలుచుకుని, ఏడెనిమిది వేల చుట్ల మధ్య ఆపుదాం అనుకున్నాం.

చేతిపిడి తిప్పే వైండింగ్ మెషిన్, దానికో కౌంటరు. ఆయన తిప్పుతుంటే నేను రెండు వేళ్ల మధ్య తీగ జారనిచ్చాను. బిగిస్తే తెగుతుంది, వదిలితే ఉబ్బుతుంది. మొదటిసారి 1,900 దగ్గర తెగింది. రెండోసారి 4,300. ఆయన లేచి ఫ్యాన్ ఆపేశాడు, గాలికి తీగ ఊగుతోందని. మే నెల. ఇద్దరం చెమటలు కారుతూ, మాట్లాడకుండా, గంటసేపు. మూడోసారి 7,400కి చుట్ట నిండింది. మీటర్ పెట్టాం. 6.1 కిలో ఓమ్స్. ఆయన మొహం చూడాలి! ఏడు వందలు తీసుకున్నాడు. ఎక్కువ ఇస్తే వద్దన్నాడు, "మోగినాక ఒక్కసారి పట్టుకురా, వింతాను" అన్నాడు.

తాతయ్య పదేళ్లు ఊరుకున్నది ఈ ఏడు వందల పనికి. అది తల్చుకుంటే ఇప్పటికీ ఏదోలా ఉంటుంది.

ఇంటికొచ్చాక ఒక పని మిగిలింది. చుట్టలో తీగలు వదులుగా ఉంటే సౌండ్ పెంచినప్పుడు కీచుమంటుంది, అందుకని కరిగిన మైనంలో ముంచాలి. మైనాన్ని నేరుగా మంట మీద పెడితే అంటుకునే ప్రమాదం. వేణ్నీళ్ల గిన్నెలో ఇంకో గిన్నె పెట్టి, కొవ్వొత్తులు కరిగించి, పికప్ ముంచి, బుడగలు ఆగేదాకా చూశాను. ఆ గిన్నె ఇంక వంటకి పనికిరాదని నాయనమ్మ ఇప్పటికీ తిడుతుంది. వాల్యూమ్ నాబ్ కరకరలాడుతుంటే శుభ్రం చేశాను. తీగల బ్రిడ్జికి ఎర్త్ వైరు ఊడిపోయి ఉంది, అతికించాను. ఇదొక్కటీ మాత్రం మీ ఇంట్లో పాత గిటార్ ఉంటే తప్పకుండా చూసుకోండి. పాత యాంప్లిఫయర్‌కి త్రీ పిన్ ప్లగ్గు సరిగ్గా లేకపోతే తీగ ముట్టుకున్నప్పుడు షాక్ కొట్టే అవకాశం ఉంది. నేను తాతయ్య యాంప్లిఫయర్ పక్కన పెట్టేసి కొత్త చిన్నది వాడుతున్నాను.

అంతా అయింది, కడ్డీ లేదు! సంచి అంతా వెతికాను. పిక్స్ దొరికాయి, తుప్పుపట్టి. కడ్డీ లేదు. ఇంత పొడుగు, బొటనవేలంత లావు, నున్నటి ఉక్కు ముక్క అని నాయనమ్మకి చెబితే, వంటింట్లోకి వెళ్లి తీసుకొచ్చింది. అల్లం దంచేది! కొన్నేళ్లుగా మేం తాగిన అల్లం టీ అంతా తాతయ్య వాయిద్యంతో దంచిందే అన్నమాట. "వర్క్‌షాపు ముక్క అనుకున్నాన్రా" అంది. ఒకవైపు చిన్న సొట్టలు పడ్డాయి. సొట్ట ఉంటే తీగ జర్రుమంటుంది. ఎమరీ పేపరు ముతకది, సన్నది మార్చి మార్చి రెండు రోజులు రుద్దాను. ఇంకా కొంచెం అల్లం వాసన వస్తుందేమోనని నా అనుమానం.

నాకు మామూలు గిటార్ వచ్చు, కాలేజీ బ్యాండ్‌లో వాయించాను. అది ఇక్కడ దేనికీ పనికిరాలేదు. ఈ గిటార్‌ని శ్రుతి చేసే పద్ధతే వేరు. ఏమీ ముట్టుకోకుండా ఆరు తీగలూ ఒకేసారి మీటితే నిండుగా ఒక మేజర్ కార్డ్ పలకాలి. కడ్డీని సరిగ్గా గీత మీద పెట్టాలి, వెంట్రుకవాసి అటైనా ఇటైనా అపశ్రుతి. పెట్టాక సన్నగా వణికించాలి. యూట్యూబ్‌లో బ్రిజ్ భూషణ్ కాబ్రా, దేబాశిష్ భట్టాచార్య వీడియోలు చూశాను. విశ్వమోహన్ భట్‌ది ఈ చెట్టు నుంచి వచ్చిన కొమ్మే. ఆయన గిటార్‌ని మార్చి మోహన వీణ చేసుకుని, రై కూడర్‌తో చేసిన ఆల్బమ్‌కి 1994లో గ్రామీ కొట్టాడు. వాళ్లవి చూస్తే ధైర్యం రాదు, ఉన్నది పోతుంది.

మూడు వారాల తర్వాత ఒకరోజు ఒక ఘంటసాల పాట కాస్త వచ్చిందనిపించి నాయనమ్మ ముందు వాయించాను. వింది. "పిల్లి పీక నొక్కినట్టు ఉన్నాది" అంది. నిజమే. తర్వాత, "మీ తాత అక్కడ జార్చీవోడురా. నువ్వు గెంతేస్తన్నావు" అంది.

ఎక్కడ? పాడి చూపించింది.

నాయనమ్మ పాడగా నేనెప్పుడూ వినలేదు. మాటల్లేవు, ఉత్త ‘ఊఁ’ అంటూ, ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి నిదానంగా వాలింది, వాలి అక్కడ రెండుసార్లు ఊగింది. ఆ పాటని అలా ఎవరూ పాడలేదు, రికార్డులో అలా లేదు. తాతయ్య గిటార్ మీద అలా వాయించేవాడు. ముప్పై ఏళ్లకి పైగా పక్కన కూర్చుని బియ్యం ఏరుకుంటూ విన్న మనిషికి ఆ జారుడు గుర్తుంది. నేను కడ్డీ పెట్టి వెతికాను. "ఇంకా... ఇంకా కిందకి... ఆఁ" అంది.

తాతయ్య వాయించింది ఎక్కడా రికార్డు లేదు. ఆయన రోజుల్లో మా ఇంట్లో ఉన్న ఫోన్లో ఆడియో రికార్డ్ అవుతుందని కూడా ఎవరికీ తట్టలేదు. నోట్సు పుస్తకం ఉంది కానీ అందులో ఉన్నవి అంకెలు, కొన్ని బెంగాలీ అక్షరాలు, ఏ పాటో పేరు లేదు. అంకె ఏ తీగ మీద ఏ గీతో చెబుతుంది. ఎలా వెళ్లాలో చెప్పదు. హవాయి గిటార్‌లో అంతా ఆ వెళ్లడంలోనే ఉంది. అది నాయనమ్మ దగ్గర ఉంది. ఆవిడకి ఇప్పుడు 74.

కెఫే అతనికి అమ్మనని చెప్పేశాను. అతను పాపం ఏమీ అనుకోలేదు, ఒకరోజు వచ్చి వాయించమన్నాడు. నాన్నతో మాట్లాడటం కొంచెం కష్టమైంది. నాలుగు వేల గురించి కాదు. "ఆయన ఉన్నప్పుడు బాగుచేయించలేకపోయాం, ఇప్పుడెందుకు" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు. కానీ కొత్త ఇల్లు ప్లాన్‌లో హాలు మూల ఒక ప్లగ్ పాయింట్ ఎక్కువ పెట్టించాడు, త్రీ పిన్, ఎర్త్‌తో సహా. ఎందుకని నేనడగలేదు.

వైండింగ్ షాపుకి పట్టుకెళ్లాను కూడా. షట్టర్ సగం దించి, ఒక పాట విన్నాడు. అయ్యాక సంగీతం గురించి ఒక్క మాటా అనలేదు. "హమ్ ఉంది కదూ? అది కాయిల్ ఒకటే అవడం వల్ల. రెండు కాయిల్స్ ఎదురెదురు చుడితే పోద్ది" అన్నాడు. నిజమే, హమ్‌బకర్ అని పెద్ద కంపెనీలు చేసేది అదే. ఆయన ఎక్కడా చదవలేదు, ఆలోచించి చెప్పాడు.

ఇప్పటికి నోట్సులో ఉన్నవాటిలో మూడు పాటలు ఏవో గుర్తుపట్టాం. నేను అంకెల ప్రకారం వాయిస్తాను, నాయనమ్మ కళ్లు మూసుకుని వింటుంది. తెలిసినదైతే నవ్వుతుంది, కాకపోతే నిద్రపోతుంది. మంచి పద్ధతి. నాలుగోది బెంగాలీ ట్యూన్. పేరు తెలీదు, ఖరగ్‌పూర్ క్వార్టర్స్‌లో పక్కింటివాళ్ల అమ్మాయి కూడా అదే వాయించేదట. అది మాత్రం ఇంకా తేలలేదు. మధ్యలో ఒకచోట తాతయ్య కడ్డీని పూర్తిగా ఎత్తేసి, ఒక్క క్షణం ఆగి, మళ్లీ పెట్టేవాడని నాయనమ్మ అంటుంది. ఎక్కడో అడిగితే, "డోలోత్సవం అయిపోనీరా, పండక్కి సుట్టాలొస్తారు, పని సూసుకోనీ. అప్పుడు కూకుని సెప్తాను" అంది. ఫాల్గుణ పున్నమికి ఇంకా పన్నెండు రోజులుంది. ఫోన్లో స్పేస్ ఖాళీ చేసి పెట్టుకున్నాను.